తుంటి ఎముక విరిగి వచ్చిన పెద్దవాళ్ళకు నర్వ్ బ్లాక్: మీ క్యాజువాలిటీలో ఎవరు ఇస్తున్నారు, ఎప్పుడు ఇస్తున్నారు?

#1 పద్మజ_ఎమర్జెన్సీ | విశాఖపట్నం

అందరికీ నమస్కారం. బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగిన పెద్దావిడ క్యాజువాలిటీకి వస్తే, మీ దగ్గర నొప్పికి ఏం ఇస్తున్నారు?

చాలా చోట్ల నేను చూసిన పద్ధతి ఇది. ఒక ట్రమడాల్ ఇంజెక్షన్, వాంతులకు ఇంకొకటి, ఎక్స్‌రేకు పంపడం, తర్వాత ఆర్థో వాళ్ళు వచ్చి కాలికి బరువు కట్టడం. స్ట్రెచర్ మీద కదలకుండా ఉన్నంతసేపు ఆవిడ ప్రశాంతంగానే కనిపిస్తుంది. "నొప్పి ఉందా అమ్మా?" అని అడిగితే "ఇప్పుడు లేదులే నాయనా" అంటుంది. మనం షీట్‌లో "నొప్పి తక్కువ" అని రాసేస్తాం. ఎక్స్‌రే రూములో నలుగురు దుప్పటి మూలలు పట్టుకుని టేబుల్ మీదికి మార్చేటప్పుడు, వార్డులో బెడ్‌ప్యాన్ పెట్టడానికి నడుము ఎత్తేటప్పుడు తెలుస్తుంది అసలు సంగతి. ఆ కేక కారిడార్ చివరిదాకా వినిపిస్తుంది.

మార్ఫిన్, ట్రమడాల్ లాంటివి ఊరికే పడుకున్నప్పటి నొప్పిని తగ్గిస్తాయి. కదిపినప్పటి నొప్పిని ఆపాలంటే ఎంత డోసు కావాలో, అంత డోసుకు ఎనభై ఏళ్ళ మనిషి మగతలోకి వెళ్తుంది, ఊపిరి మందగిస్తుంది. నర్వ్ బ్లాక్, అంటే నరాల దగ్గర మొద్దుబరిచే మందు ఎక్కించడం, అలా కాదు, కదిపినప్పటి నొప్పి మీదే పనిచేస్తుంది. 2020లో వచ్చిన కాక్రేన్ సమీక్షలో 49 ట్రయల్స్, మూడు వేలకు పైగా పేషెంట్లు ఉన్నారు. బ్లాక్ ఇచ్చిన అరగంటలో కదలికతో వచ్చే నొప్పి తగ్గడం, డెలీరియం (ఉన్నట్టుండి వచ్చే తికమక) తగ్గడం, ఆపరేషన్ తర్వాత తొందరగా మంచం దిగడం అందులో స్పష్టంగా కనిపించాయి. ఛాతీ ఇన్‌ఫెక్షన్ కూడా తగ్గవచ్చని ఉంది.

ఇంత తెలిసి కూడా మన దగ్గర బ్లాక్ అంటే ఆపరేషన్ థియేటర్‌లో జరిగే పనిగానే మిగిలిపోయింది. స్పైనల్ (వెన్నులో మత్తు) ఇవ్వడానికి పక్కకు తిప్పే ముందు మత్తు డాక్టర్లు ఇస్తున్నారు, మంచిదే. కానీ అప్పటికి పేషెంట్ ఎన్నిసార్లు మంచం మారిందో లెక్కేయండి. మా యూనిట్‌లో ఇప్పుడు ఫేసియా ఇలియాకా బ్లాక్ (గజ్జ దగ్గర కండరం పొర కింద ఇచ్చేది) ఎమర్జెన్సీ డాక్టర్లమే ఇస్తున్నాం. కాలు పొట్టిగా, బయటికి తిరిగి ఉండి, పడిన చరిత్ర ఉంటే ఎక్స్‌రేకు ముందే ఇస్తున్నాం. మిగతా ఊళ్ళలో ఎలా ఉందో తెలుసుకోవాలని ఈ చర్చ మొదలుపెట్టాను.

#2 ఆర్థో_కరీంనగర్

మేడమ్, నొప్పి తగ్గించాలన్నదాంట్లో రెండో మాట లేదు. నా అభ్యంతరాలు మూడు.

పాదం ఆడుతుందా, స్పర్శ తెలుస్తుందా, నాడి తగులుతుందా అనేది బ్లాక్ కంటే ముందు ఎవరో ఒకరు చూసి, టైముతో సహా రాసిపెట్టాలి. ఆపరేషన్ తర్వాత కాలు పైకి లేవకపోతే "ఇది బ్లాక్ వల్లా, పడినప్పుడు జరిగిందా, నేను చేసిందా" అనే ప్రశ్న వస్తుంది. దానికి జవాబు ఆ ఒక్క లైనులోనే ఉంటుంది.

ఎక్స్‌రేకు ముందే అనేది ముసలివాళ్ళు ఇంట్లో జారిపడిన కేసులకే సరిపోతుంది. బైక్ యాక్సిడెంట్‌లో వచ్చిన ముప్పై ఏళ్ళ కుర్రాడి కాలు వంకర ఉంటే అది తుంటి కీలు జారడం కావచ్చు, తొడ ఎముక మధ్యలో విరగడం కావచ్చు, పెల్విస్ కావచ్చు. ఆ కేసుల్లో ముందు ఎక్స్‌రే చూడాల్సిందే.

మూడోది మీ పుస్తకాల్లో ఉండదు. నొప్పి పూర్తిగా పోతే ఇంటివాళ్ళు "బాగైంది కదా సార్, తీసుకుపోతం" అంటున్నరు. నాటు కట్టు కట్టించుకుంటమని తీసుకుపోయిన కేసులు చూసిన. మూడు వారాల తర్వాత వీపు మీద పుండ్లతో వస్తరు. బ్లాక్ ఇచ్చేవాళ్ళు ఈ మాట కూడా ఇంటివాళ్ళకు చెప్పాలె.

#3 పద్మజ_ఎమర్జెన్సీ

సార్, మూడూ ఒప్పుకుంటాను. పాదం గురించి ఒక్కటి చేరుస్తాను. ఫేసియా ఇలియాకా బ్లాక్ కాలి వెనక వైపు దిగే సయాటిక్ నరాన్ని అంటుకోదు. కాబట్టి బ్లాక్ పడ్డాక కూడా పాదం పైకీ కిందికీ ఆడించగలరు. కాలి లోపలి వైపు చర్మం కొంచెం మొద్దుబారవచ్చు, తొడ ముందు కండరం బలం తగ్గి మోకాలు చాపడం కష్టం కావచ్చు. పాదం పడిపోతే మాత్రం బ్లాక్ మీద నెట్టకుండా వేరే కారణం వెతకాలి. ముందే రాసిపెట్టాలన్న మీ మాట అలాగే ఉంటుంది.

#4 గుంటూరు_అనస్థీషియా

మంచి చర్చ. మత్తు డాక్టర్‌గా నా వైపు నుంచి కొంచెం వివరంగా రాస్తాను, పీజీలు కూడా చదువుతారు కాబట్టి.

తుంటి కీలు ముందు భాగానికి నొప్పి తెలిపే నరాలు ఫెమోరల్ (తొడ ముందు వైపుది), ఆబ్ట్యూరేటర్ (తొడ లోపలి వైపుది), కొందరిలో యాక్సెసరీ ఆబ్ట్యూరేటర్. వెనక భాగానికి సయాటిక్ వైపు నుంచి, క్వాడ్రేటస్ ఫెమోరిస్ నరం నుంచి కొమ్మలు వస్తాయి. నొప్పి తెలిపే తంతువులు ఎక్కువగా ఉండేది ముందు భాగంలోనే. అందుకే ముందు వైపు నరాలను పట్టుకుంటే సరిపోతోంది. ఇలియాకస్ కండరం మీద పరుచుకున్న పొర కింద ఫెమోరల్ నరం, తొడ బయటి చర్మానికి వెళ్ళే నరం రెండూ నడుస్తాయి. ఆ పొర కింద మందు నింపితే అదే పాకుతూ వెళ్ళి వాటిని తడుపుతుంది. నరాన్ని సూదితో వెతుక్కోనక్కర్లేదు. ఈ పద్ధతిని డాలెన్స్ బృందం 1989లో పిల్లల్లో వర్ణించింది, తర్వాత పెద్దవాళ్ళకు వచ్చింది.

ఆబ్ట్యూరేటర్ మాత్రం నమ్మకంగా పడదు. అల్ట్రాసౌండ్‌తో గజ్జ మడతకు పైనుంచి ఇస్తే మందు ఇంకా పైకి పాకుతుంది కాబట్టి కొంత మెరుగు.

అభ్యాసం లేని చేతులతో చేయవద్దు. సీనియర్ పక్కన నిలబడగా నేర్చుకుని, ఆ తర్వాతే సొంతంగా చేయాలి. ఇది ఆంక్ష కాదు, చెయ్యి కుదిరే దారి అదే.

#5 పీజీ_ఈఎం_వరంగల్

సార్, మాకు రాత్రిపూట అల్ట్రాసౌండ్ దొరకదు. ఎముకల గుర్తులతో ఇచ్చే పద్ధతి ఇంకా ఆమోదయోగ్యమేనా? డోసు విషయంలో కూడా భయం ఉంది, కొంచెం లెక్క చూపిస్తారా?

#6 గుంటూరు_అనస్థీషియా

ఆమోదయోగ్యమే బాబూ. అల్ట్రాసౌండ్ ఉంటే బ్లాక్ సరిగ్గా పడే అవకాశం పెరుగుతుంది, రక్తనాళం కళ్ళకు కనిపిస్తుంది. లేనప్పుడు చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు.

నడుము ముందు తగిలే ఎముక కొస నుంచి ప్యూబిక్ ట్యూబర్‌కిల్ (గజ్జ లోపలి కొసన తగిలే ఎముక బుడిపె) దాకా ఒక గీత ఊహించు. దాన్ని మూడు భాగాలు చెయ్యి. బయటి భాగం, మధ్య భాగం కలిసే చోటు నుంచి ఒక సెంటీమీటరు కిందికి రా. అదీ చోటు. ఫెమోరల్ ధమని కొట్టుకోవడం వేలితో చూడు, నీ చోటు దానికి బాగా బయటి వైపు ఉండాలి. మొద్దు కొన ఉన్న సూది వాడు, బ్లాక్ సూది లేకపోతే ఎపిడ్యూరల్‌కు వాడే టూయీ సూది పనికొస్తుంది. చర్మం దాటాక మొదటి "టప్" ఫేసియా లాటా (తొడ పైపొర), రెండో "టప్" ఫేసియా ఇలియాకా. పదునైన సూదితో ఆ రెండు టప్పులు వేలికి తెలియవు, అందుకే మొద్దు కొన. లాగి చూడు, రక్తం రాకూడదు. తర్వాత ఐదేసి ఎంఎల్ చొప్పున, ప్రతిసారీ లాగి చూస్తూ నెమ్మదిగా ఎక్కించు. సాఫీగా వెళ్ళాలి. చెయ్యి నొప్పెట్టేంత ఒత్తాల్సి వచ్చినా, పేషెంట్‌కు జివ్వున లాగినా అక్కడే ఆపు.

ఇక లెక్క. మామూలు బుపివకెయిన్ (మొద్దుబరిచే మందు) 0.5 శాతం వయల్ 20 ఎంఎల్ ఉంటుంది, అందులో మందు 100 మిల్లీగ్రాములు. అంతే సెలైన్ కలిపితే 40 ఎంఎల్, 0.25 శాతం అవుతుంది. కిలోకు 2 మిల్లీగ్రాములు దాటకు. మన ఊరి పెద్దావిడలు చాలామంది 45 కిలోలు దాటరు. అంటే 90 మిల్లీగ్రాములు, 0.25 శాతంలో 36 ఎంఎల్. 30 ఎంఎల్ ఇస్తే లోపలే ఉంటావు. బరువు కళ్ళతో అంచనా వేసేటప్పుడు తక్కువ వైపే వెయ్యి. రోపివకెయిన్ 0.2 శాతం అయితే 40 ఎంఎల్‌కు 80 మిల్లీగ్రాములే, దాని హద్దు కిలోకు 3 మిల్లీగ్రాములు కాబట్టి నాకు అదే ఇష్టం.

ఇంకొకటి, స్పైనల్‌కు వాడే "హెవీ" బుపివకెయిన్ ఆంపూల్స్ ఇదే పేరుతో పక్కనే ఉంటాయి. లేబుల్ ఇద్దరు చదవాలి, పైకి గట్టిగా చదవాలి.

#7 ఆర్థో_కరీంనగర్

ముందు రోజు మీరు లోకల్ (మొద్దుబరిచే మందు) ఇచ్చి, మరునాడు మేము ఆపరేషన్‌లో గాయం చుట్టూ మళ్ళీ లోకల్ ఎక్కిస్తం. అందుకే ఎంత ఇచ్చిన్రు, ఎన్ని గంటలకు ఇచ్చిన్రు అనేది కేస్ షీట్ ముందు పేజీల ఉండాలె. మా దగ్గర ఒక సిస్టర్ తొడ మీద ప్లాస్టర్ అతికించి పెన్నుతో రాస్తది: "కుడి, బ్లాక్ 4:40, 30 ఎంఎల్". ఎవరికీ ఫోన్ చేసే పని లేదు.

#8 లీసెస్టర్_తెలుగోడు

ఇంగ్లండ్ నుంచి రాస్తున్నాను, ఎమర్జెన్సీలోనే పని. ఇక్కడ తుంటి ఫ్రాక్చర్ వచ్చిందంటే బ్లాక్ అనేది ఎవరికో ప్రత్యేకంగా గుర్తుకురావాల్సిన విషయం కాదు, దారిలోనే ఉంటుంది. ఇక్కడి ఆరోగ్య మార్గదర్శకాల సంస్థ నైస్ 2011లో ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం వచ్చిన వెంటనే నొప్పి చూడాలి, మందు ఇచ్చిన అరగంటలోపు మళ్ళీ చూడాలి, వార్డులో కుదురుకునేదాకా గంటగంటకూ చూడాలి. పారాసిటమాల్ ఆరేసి గంటలకు. చాలకపోతే ఓపియాయిడ్ (మార్ఫిన్ జాతి మందు), దానితో కూడా చాలకపోయినా, ఓపియాయిడ్ తగ్గించాలనుకున్నా బ్లాక్. డైక్లోఫెనాక్ లాంటి మందులు ఈ పేషెంట్లకు వద్దని అందులోనే ఉంది. ఆ ఒక్క మాట మన దగ్గర గోడ మీద రాసిపెట్టాలి. నీళ్ళు తాగని, బీపీ మందులు వాడే, కిడ్నీలు అంతంతమాత్రంగా ఉన్న మనిషికి డైక్లోఫెనాక్ కొట్టి, పొద్దున క్రియాటినిన్ పెరిగిందని ఆపరేషన్ వాయిదా వేయడం మన దేశంలో పనిచేసినప్పుడు చూశాను.

కరీంనగర్ సార్ మూడో అభ్యంతరానికి కూడా అందులో జవాబుంది. తొందరగా చేయాల్సిన ఆపరేషన్‌కు బదులుగా బ్లాక్‌ను వాడవద్దని సూటిగా రాశారు. ఆపరేషన్ చేరిన రోజో, మరునాడో అయిపోవాలి.

2007 నుంచి నేషనల్ హిప్ ఫ్రాక్చర్ డేటాబేస్ ఉంది. ఏ ఆసుపత్రిలో ఎంతమందికి బ్లాక్ అందింది, ఎన్ని గంటల్లో ఆపరేషన్ అయింది అన్నీ అందులో కనిపిస్తాయి. ఇక్కడ శిక్షణ పొందిన నర్సులు కూడా బ్లాక్ ఇస్తారు, దానికి అనస్థీషియా సంఘాల ఆమోదం ఉంది. వేల్స్‌లో స్వాన్సీ వైపు అంబులెన్స్ పారామెడిక్‌లు ఇవ్వగలరా అని కూడా ట్రయల్ చేశారు. కాబట్టి "ఎమర్జెన్సీ డాక్టర్ ఇవ్వొచ్చా" అనే ప్రశ్న దగ్గర మనం ఆగిపోనక్కర్లేదు.

#9 సుజాత_తెనాలి

నమస్కారం అండి. నేను డాక్టర్‌ని కాదు. మా అమ్మకు 78 ఏళ్ళు, మతిమరుపు జబ్బు ఉంది. మొన్న మంచం దిగుతూ పడిపోయింది. తుంటి విరిగిందన్నారు. ఆపరేషన్ ఎల్లుండి పెట్టారు, గుండె పరీక్ష రావాలట. ఇంజెక్షన్ ఇస్తున్నారు కానీ రాత్రి ఎవరినీ గుర్తుపట్టలేదు, సెలైన్ పీకేసింది. "నొప్పి లేదు" అని అంటుంది, ముట్టుకుంటే చెయ్యి విసిరికొడుతుంది. ఇది నొప్పా, మతిమరుపు ఎక్కువైందా? మీరు చెప్పే ఈ బ్లాక్ ఆమెకు ఇమ్మని నేను అడగవచ్చా? అడిగితే డాక్టర్లకు కోపం వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది.

#10 పద్మజ_ఎమర్జెన్సీ

సుజాతగారూ, తప్పకుండా అడగండి. డాక్టర్ రౌండ్‌కు వచ్చినప్పుడు ఇలా అడగండి: "అమ్మను కదిపితే చాలా బాధపడుతోంది, ఆపరేషన్ దాకా తొడ దగ్గర నర్వ్ బ్లాక్ ఇవ్వగలరా? మీ మత్తు డాక్టర్‌గారిని ఒకసారి చూడమంటారా?" ఇందులో ఎవరికీ కోపం వచ్చేదేమీ లేదు. అమ్మ వాడే మందుల చీటీ చేతిలో ఉంచుకోండి, ముఖ్యంగా రక్తం పలచబడే మందులు ఉంటే ముందే చెప్పండి.

రాత్రి తికమకపడటం గురించి. నొప్పి తగ్గించకపోవడమే డెలీరియానికి పెద్ద కారణాల్లో ఒకటి. 2003లో న్యూయార్క్ ఆసుపత్రుల నుంచి వచ్చిన ఒక అధ్యయనంలో, అంతకుముందు మతి బాగానే ఉన్న తుంటి ఫ్రాక్చర్ పేషెంట్లలో నొప్పిని సరిగా తగ్గించనివాళ్ళకు డెలీరియం ముప్పు తొమ్మిది రెట్లు ఉంది. మనవాళ్ళు "మార్ఫిన్ ఇస్తే మతి పోతుంది" అని భయపడి ఏమీ ఇవ్వరు, ఆ భయమే ఎదురు తిరుగుతుంది. పెథిడిన్ అనే మార్ఫిన్ జాతి మందు మాత్రం నిజంగానే డెలీరియం పెంచుతుంది, అది వద్దు.

అయితే కారణం నొప్పి ఒక్కటే అని ఇక్కడి నుంచి నేను చెప్పలేను. మూత్రం నిండి ఆగిపోయిందా, జ్వరం ఉందా, సోడియం, షుగర్, ఆక్సిజన్ ఎలా ఉన్నాయి, పడినప్పుడు తలకు తగిలిందా అన్నవి అక్కడి డాక్టర్లు చూడాలి. ఆ మాట కూడా అడగండి. కళ్ళజోడు, వినికిడి మిషన్ ఉంటే పెట్టండి. రాత్రి పక్కన తెలిసిన మనిషి ఒకరు ఉండేలా చూసుకోండి.

#11 స్టాఫ్‌నర్స్_కాకినాడ

సుజాతమ్మా, చెయ్యి విసిరికొట్టడం అంటే నోటితో చెప్పలేని నొప్పి అని మేం వార్డులో రోజూ చూస్తాం. మతిమరుపు ఉన్నవాళ్ళకు "పదికి ఎంత నొప్పి" అని అడిగి లాభం లేదు. పెయినాడ్ అని ఒక స్కేల్ ఉంది. ఊపిరి ఎలా తీస్తున్నారు, మూలుగుతున్నారా, ముఖం ఎలా పెట్టారు, ఒళ్ళు బిగబట్టారా, ఓదారిస్తే కుదుటపడుతున్నారా, ఈ ఐదూ చూసి పదికి మార్కులు వేస్తాం. ఊరికే పడుకున్నప్పుడు కాదు, దుప్పటి సర్దేటప్పుడు చూడాలి.

డాక్టర్లకు కూడా ఒక మాట. ఈ ముసలమ్మలు నీళ్ళు తాగడం మానేస్తారు. ఎందుకంటే తాగితే మూత్రం వస్తుంది, మూత్రం వస్తే బెడ్‌ప్యాన్ పెడతాం, బెడ్‌ప్యాన్ పెడితే ప్రాణం పోతుంది. కొడుకు గ్లాసు నోటి దగ్గర పెడితే పెదవులు బిగించేస్తారు. మీకు పొద్దున యూరియా పెరిగి కనిపిస్తుంది, దాని వెనక కథ ఇది. బ్లాక్ పడిన పేషెంట్ నీళ్ళు అడిగి తాగుతుంది, కాస్త పక్కకు తిప్పనిస్తుంది, వీపు తుడవనిస్తుంది. మా పని సగం తగ్గుతుంది.

మడమ మాత్రం మర్చిపోకండి. నొప్పి లేదు కదా అని గంటల తరబడి ఒకే పొజిషన్‌లో వదిలేస్తే మడమ నల్లబడుతుంది. పిక్క కింద దిండు పెట్టి మడమ గాల్లో ఉండేలా చూడాలి.

#12 ఆర్థో_కరీంనగర్

సిస్టర్ చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. బరువు కట్టే విషయం కూడా ఇక్కడే చెప్తా. ఆపరేషన్‌కు ముందు స్కిన్ ట్రాక్షన్ కడితే నొప్పి తగ్గుతుందని ట్రయల్స్‌లో తేలలేదు. అలవాటు కొద్దీ కడుతున్నం. పట్టీ కింద పల్చటి చర్మం ఊడొచ్చిన పేషెంట్లు ఉన్నరు. బ్లాక్ బాగా పడితే కాలి కింద దిండు చాలు.

#13 పీజీ_ఈఎం_వరంగల్

మా పేషెంట్లలో సగం మంది స్టెంట్ వేసుకుని క్లోపిడోగ్రెల్ (రక్తం గడ్డకట్టకుండా చేసే మందు) మీద ఉంటారు. వాళ్ళకు ఇవ్వొచ్చా సార్? ఇంకొకటి, పెంగ్ బ్లాక్ మీద అందరూ మాట్లాడుతున్నారు. ఫేసియా ఇలియాకా వదిలేసి అదే నేర్చుకోవాలా?

#14 గుంటూరు_అనస్థీషియా

స్పైనల్‌కు ఉన్నంత కఠినమైన నియమాలు దీనికి లేవు. ఫేసియా ఇలియాకా పైపైన ఉండే చోటు, పెద్ద రక్తనాళానికి దూరం, రక్తం కారినా చేత్తో నొక్కి ఆపగలం. కాబట్టి క్లోపిడోగ్రెల్ మీద ఉన్నవాళ్ళకు లాభనష్టాలు చూసుకుని ఇస్తాను, వీలైతే అల్ట్రాసౌండ్‌తో. గజ్జలో ఇన్‌ఫెక్షన్, మందుకు అలర్జీ, ఆ వైపు తొడ రక్తనాళానికి బైపాస్ ఆపరేషన్ అయి ఉండటం, పేషెంట్ వద్దనడం, ఇవి ఉంటే ఆగాలి.

పెంగ్ 2018లో టొరాంటో నుంచి వచ్చింది. సోయాస్ స్నాయువుకూ ప్యూబిక్ ఎముకకూ మధ్య 20 ఎంఎల్ దాకా ఇస్తారు. కీలు ముందు భాగానికి వెళ్ళే కొమ్మలనే పట్టుకుంటుంది, తొడ కండరం బలం చాలావరకు మిగులుతుంది. చాలా మంచి బ్లాక్. కానీ లోతైనది, అల్ట్రాసౌండ్ లేకుండా ప్రయత్నించకూడదు, లోపల రక్తం కారితే నొక్కడం కష్టం. అది చర్మానికి వెళ్ళే నరాన్ని పట్టుకోదు కూడా. క్యాజువాలిటీలో మొదట చెయ్యి కుదరాల్సింది ఫేసియా ఇలియాకాకే. అది నిద్రలో లేపినా చేయగలిగాక పెంగ్ నేర్చుకో.

#15 రమేష్_ఏడీ_నెల్లూరు

చిన్న ఆసుపత్రి నడుపుతున్నాను. రెండు భయాలు. మందు రక్తంలోకి వెళ్ళి గుండె ఆగితే? అల్ట్రాసౌండ్ మిషన్ క్యాజువాలిటీకి తెస్తే పీసీపీఎన్‌డీటీ (గర్భంలో ఆడా మగా చూడటాన్ని నిషేధించే చట్టం) వాళ్ళు అడిగితే?

#16 గుంటూరు_అనస్థీషియా

మొదటి భయం న్యాయమైనదే, అందుకే సిద్ధంగా ఉండాలి. నోటి చుట్టూ తిమ్మిరి, చెవుల్లో హోరు, నోట్లో ఇనుము రుచి, ఉన్నట్టుండి కంగారు లేదా మాట తడబడటం మొదటి గుర్తులు. తర్వాత ఫిట్స్, గుండె లయ తప్పడం. మతిమరుపు ఉన్న పేషెంట్లు ఇవి చెప్పలేరు కాబట్టి మానిటర్ మీద కన్ను ఉండాలి. ఈసీజీ, బీపీ, ఆక్సిజన్ పెట్టకుండా, సెలైన్ లైన్ లేకుండా బ్లాక్ మొదలుపెట్టకూడదు. ఇచ్చాక కనీసం అరగంట మనిషి పక్కన ఉండాలి.

దీనికి విరుగుడు 20 శాతం లిపిడ్ ఎమల్షన్ (కొవ్వు కలిసిన ద్రవం). 1998లో వైన్‌బర్గ్ ఎలుకల్లో చూపించారు, 2006లో వేరే బృందం ఒక మనిషి ప్రాణం దానితో నిలబడినట్టు ప్రచురించింది. కిలోకు 1.5 ఎంఎల్ చొప్పున రెండు మూడు నిమిషాల్లో, అంటే 50 కిలోల మనిషికి 75 ఎంఎల్. తర్వాత నిమిషానికి కిలోకు 0.25 ఎంఎల్ డ్రిప్. ముందు ఊపిరి దారి, ఆక్సిజన్, ఫిట్స్‌కు మిడజోలం. గుండె ఆగితే సీపీఆర్ ఎక్కువసేపు కొనసాగించాలి, అడ్రినలిన్ చిన్న డోసుల్లో. ఐసీయూలో పోషణ కోసం వాడే సీసానే ఇది, కొత్తగా ఎక్కడి నుంచో తెప్పించేది కాదు. ఒక సీసా బ్లాక్ ట్రేలో లేకపోతే ఆ రోజు బ్లాక్ లేదు, అంతే.

#17 పద్మజ_ఎమర్జెన్సీ

మిషన్ గురించి నేను చెప్తాను సార్. 1994 చట్టం కింద అల్ట్రాసౌండ్ మిషన్‌ను, వాడే డాక్టర్ల పేర్లను జిల్లా అధికారి దగ్గర నమోదు చేయించాలి. పోర్టబుల్ మిషన్‌ను నమోదైన ఆసుపత్రి ఆవరణ దాటించకూడదు. ఆ ఆవరణ లోపల, మీ పేషెంట్ పడక దగ్గర వాడటానికి మిషన్ పోర్టబుల్‌గా నమోదై ఉండాలి, మీ ఎమర్జెన్సీ డాక్టర్ల పేర్లు రిజిస్ట్రేషన్‌లో చేర్చి ఉండాలి. మా దగ్గర ఆడపిల్లలను కాపాడటానికి వచ్చిన చట్టం ఇది, దాన్ని తప్పించుకునే దారులు వెతకకుండా కాగితాలు సరిగ్గా పెట్టుకుంటే ఎవరూ అడ్డుచెప్పరు. జిల్లా వైద్యాధికారి కార్యాలయంలో ఒకసారి రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి.

#18 లీసెస్టర్_తెలుగోడు

ఇంకొక జాగ్రత్త. తప్పు వైపు బ్లాక్ ఇవ్వడం అందరూ అనుకునేదానికంటే సులువుగా జరుగుతుంది. పేషెంట్‌ను తిప్పుతాం, దుప్పటి కప్పుతాం, ఈలోగా ఫోన్ వస్తుంది. ఇక్కడ "స్టాప్ బిఫోర్ యు బ్లాక్" అని 2011లో దేశమంతా తెచ్చారు. సూది గుచ్చే ముందు క్షణంలో ఇద్దరు ఆగి, కాలి మీద బాణం గుర్తు, కన్సెంట్ కాగితం చూసి వైపు పైకి చెప్పుకోవాలి. పది సెకన్ల పని.

#19 సుజాత_తెనాలి

పద్మజగారూ, పొద్దున రౌండ్‌లో మీరు చెప్పినట్టే అడిగాను. మత్తు డాక్టర్‌గారు మధ్యాహ్నం వచ్చి ఇచ్చారు. అరగంట తర్వాత సిస్టర్లు దుప్పటి మార్చారు, అమ్మ ముఖం చిట్లించిందే కానీ అరవలేదు. సాయంత్రం అరటిపండు తింది. రాత్రి ఇది దిగిపోతుందా? దిగిపోతే మళ్ళీ ఇస్తారా?

#20 గుంటూరు_అనస్థీషియా

సంతోషమమ్మా. బుపివకెయిన్ అయితే మామూలుగా 8 నుంచి 12 గంటలు పనిచేస్తుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మధ్యాహ్నం ఇస్తే అర్ధరాత్రి దాటాక, అంటే వార్డులో మనుషులు తక్కువగా ఉన్న వేళ దిగుతుంది. అందుకని పారాసిటమాల్ వేళకు పడుతూనే ఉండాలి, బ్లాక్ పనిచేస్తోంది కదా అని ఆపకూడదు. నైట్ సిస్టర్‌తో ఇప్పుడే చెప్పిపెట్టండి: "మళ్ళీ బాధ మొదలైతే ఏం ఇవ్వాలో షీట్‌లో రాసి ఉందా అమ్మా?" అని. డోసు లెక్క చూసుకుని బ్లాక్ మళ్ళీ ఇవ్వొచ్చు, ఆపరేషన్ ఆలస్యమయ్యేట్టుంటే సన్నని క్యాథెటర్ కూడా పెట్టవచ్చు. అది అక్కడి డాక్టర్ నిర్ణయం. అమ్మను సొంతంగా లేపి నిలబెట్టే ప్రయత్నం మాత్రం చేయకండి. గుండె పరీక్ష కోసం ఆపరేషన్ అనవసరంగా వాయిదా వేసుకుంటూ పోకుండా రోజూ అడుగుతూ ఉండండి.

#21 రమేష్_ఏడీ_నెల్లూరు

లిపిడ్ ఎమల్షన్ సీసాకు ఈరోజే ఆర్డర్ పెట్టాను. మా ఇద్దరు డ్యూటీ డాక్టర్లకు నేర్పించాలి. గుంటూరు రావాల్సి వచ్చినా పంపిస్తాను సార్.

#22 గుంటూరు_అనస్థీషియా

పంపండి. మా డిపార్ట్‌మెంట్ పెద్దలతో మాట్లాడి, లిస్ట్‌లో తుంటి కేసులున్న రోజు చెప్తాను. థియేటర్ పక్క గదిలో పేషెంట్ మీద నేను చేస్తుంటే చూస్తారు, తర్వాత నేను పక్కన ఉండగా వాళ్ళు చేస్తారు. వరంగల్ బాబు కూడా రావచ్చు.

#23 స్టాఫ్‌నర్స్_కాకినాడ

సార్, మమ్మల్ని కూడా పిలవండి. ఇచ్చేది మీరైనా ఆ అరగంట పక్కన నిలబడేది మేమే. చెవుల్లో హోరు, నోటి చుట్టూ తిమ్మిరి అని మీరు రాసింది మాకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

#24 గుంటూరు_అనస్థీషియా

తప్పకుండా రండి సిస్టర్. మీ పెయినాడ్ ఫారం తెలుగులో ఉంటే ఒకటి తీసుకురండి, ట్రేలో పెట్టుకుంటాం.